చీపురు పెట్టని గది

జనవరి 9, గురువారం

జ్ఞానానికి తాళం వేసి అమ్ముకోవడం దొంగతనం. ఆ దొంగతనం చేస్తున్నవాడి పేరు కోచ్ ఎబో. ఊరు తకొరాడి, సముద్రం పక్కన. ఇంట్లోనే కూర్చుని పాటలు రికార్డు చేయడం ఎలాగో పన్నెండు పాఠాలు తయారుచేసి, డబ్బు పంపినవాళ్ళకే వినిపిస్తున్నాడు. మొదటి పాఠం మాత్రం ఉచితం. అందులో ఏముంది? మిగతా పదకొండూ ఎందుకు కొనాలో ఉంది.

ఈ రోజు మా పఠన బృందంలో ఇదే మాట్లాడాను. ఏడుగురు వచ్చారు. నీటికి యజమాని లేడు, గాలికి లేడు, తెలిసిన సంగతికి మాత్రం ఎందుకుండాలి అన్నాను. ఇద్దరు చప్పట్లు కొట్టారు. ఒకడు నిద్రపోయాడు. ఈ దుమ్ముగాలికి అందరి పెదవులూ పగిలి ఉన్నాయి. ఆవేశపడే ఓపిక ఎవరికీ లేదు. నాకే లేదు నిజానికి, అలవాటుకొద్దీ పడ్డాను.

దబూవో మామ చేతి వణుకు పెరిగింది. ఇది పెరిగేదే గానీ తగ్గేది కాదని ఆసుపత్రిలో చెప్పేశారు. వాళ్ళ నాన్న దగ్గర నేర్చుకున్న ఏడు కోతల పాటలున్నాయి మామ దగ్గర. మా ఊరు నాండోమ్‌లో జీల్ అనే చెక్క పలకల వాద్యం వాయించేవాళ్ళు ఇంకా ఉన్నారు గానీ ఆ ఏడూ ఎవరికీ రావు. నాకు నేర్పాలని మూడేళ్ళు చూశాడు. నా చేతులు కరపత్రాలు మడతపెట్టడానికే పనికొస్తాయని తేలింది.

సాయంత్రం పీతో అనే జొన్నకల్లు అమ్మే అంగడి దగ్గర బల్ల మీద కూర్చుని, కల్లు బుర్రను రెండు చేతులతో పట్టుకుని అన్నాడు: "భస్మ బుధవారం దాకా వాయిస్తాను అల్లుడూ. ఈస్టర్ దాకా ఉపవాస దినాల్లో జీల్ ఎలాగూ ముట్టం. పండగయ్యాక ఈ చెయ్యి నా మాట వింటుందని నేననుకోను. పట్టుకోగలిగితే పాటల్ని నీ ల్యాప్‌టాప్ డబ్బాలో పట్టుకో."

భస్మ బుధవారం మార్చి 5. యాభై అయిదు రోజులు.

నా దగ్గర చర్చివాళ్ళు పారేయబోతే తెచ్చుకున్న మైకు ఉంది. స్కొలాస్టికా అక్క వద్దనుకున్న ల్యాప్‌టాప్ ఉంది. రికార్డు చేయడం ఎలాగో తెలియదు.

జనవరి 11

కొన్నాను.

జనవరి 12, ఆదివారం

కొనడం వేరు, స్వాధీనం చేసుకోవడం వేరు. అన్యాయంగా దాచిన దాన్ని ప్రజల తరఫున బయటికి తెచ్చాను. విన్నాక అందరికీ పంచుతాను. బృందానికి మాత్రం ఇంకా చెప్పలేదు. చెప్పడానికి సమయం రావాలి.

అమ్మ ఇచ్చిన గినీ కోళ్ళు రెండింటినీ నక్క ఎత్తుకుపోయిందని అమ్మతో చెప్పాను. పెద్ద అబద్ధమేమీ కాదు. ఆ నక్క తకొరాడిలో ఉంటుంది.

పాఠాలన్నీ మాటల రూపంలోనే ఉన్నాయి, ఒక్కోటి అరగంట. కోచ్ ఎబో గొంతు దొంగ గొంతులా లేదు. అదే చిరాకు. జలుబు చేసినట్టుంటుంది, మధ్యలో ఎక్కడో కోడి కూస్తుంది. "తమ్ముడూ, నువ్వు నాకు డబ్బు పంపలేదు. నీ పనికి నువ్వే విలువ కట్టుకున్నావు" అంటాడు. ఎంత తియ్యగా దోచుకుంటున్నాడో చూడు అనుకున్నాను. ఆ ముక్క మళ్ళీ రెండుసార్లు విన్నాను.

జనవరి 15

మామ ఇంటి వెనక పాత మట్టి గది ఇచ్చాడు. జీల్ ఎప్పుడూ అక్కడే ఉంటుంది. చిన్న కిటికీ, మందపాటి గోడలు, రోడ్డు మోత వినపడదు.

తాళంచెవి ఇస్తూ, "లోపల చీపురు పెట్టకు" అన్నాడు. అత్తను కూడా ఇరవై ఏళ్ళుగా పెట్టనివ్వలేదట. ఎందుకని నేను అడగలేదు. పెద్దవాళ్ళ భయాల గురించి నేను చదివిన పుస్తకాల్లో చాలా ఉంది. చీకటిని పూజించేవాడు కిటికీ తెరవనివ్వడు అని ఒక కరపత్రంలో నేనే రాశాను.

రెండో పాఠం గది గురించి. సగం విన్నాను. మిగతా సగం చెప్పకుండానే అర్థమైపోయింది.

జనవరి 16

గది సిద్ధం. గోడలు శుభ్రం చేయబడ్డాయి. గుడ్ల అట్టలు అంటించబడ్డాయి. బస్టాండు దగ్గర ఆమ్లెట్లు వేసే ఆవిడ అరవై అట్టలిచ్చింది, ఒక్క మాట అడగలేదు. ఫోటో తీశాను. కోచ్ ఎబో పేజీ మీదున్న స్టూడియోలాగే ఉంది, కాకపోతే పైకప్పు తాటాకు.

ఒళ్ళంతా మట్టి. ముక్కులో కూడా. పడుకుంటాను.

జనవరి 20, సోమవారం

మామ వచ్చాడు. గుమ్మంలోనే ఆగి లోపలికి చూశాడు. చాలాసేపు చూశాడు. ఏమీ అనలేదు. నా పనితనం చూసి మాట రాలేదనుకున్నాను.

కూర్చున్నాడు. వేళ్ళ మధ్య కర్రలు జారిపోకుండా అత్త గుడ్డపేలికతో ఆయన కుడి మణికట్టుకి కట్టింది. పద్నాలుగు చెక్క పలకలు, ఒక్కో పలక కింద ఒక్కో సొరబుర్ర. మొదటి పాట, రెండో పాట, మూడో పాట. మూడోది మధ్యలో ఆపేశాడు. చెయ్యి ఒప్పుకోలేదు. మూడు చాలు ఈ రోజుకి అన్నాడు. నుదురు తడిసిపోయింది. ఆ గదిలో గాలి లేదు, అట్టలతో కిటికీ కూడా మూసేశాను.

ఇక్కడ రాయడానికి సిగ్గుగా ఉంది గానీ, వింటుంటే నా కళ్ళు చెమర్చాయి. మామ చూడకుండా మైకు తీగ సర్దుతున్నట్టు నటించాను.

తర్వాత ల్యాప్‌టాప్‌లో విన్నాను. పలక మోగిన ప్రతిసారీ కింద తేనెటీగలు ముసిరినట్టు ఒక జుమ్మనే మోత. అయిదో పాఠం సరిగ్గా దీని గురించే: "జుమ్మనేది, గీరుకునేది, గుర్రుమనేది ఏదైనా అది మురికి. కోసెయ్యి. సబ్బుతో కడిగినట్టు ఉండాలి." ఎలా కోయాలో మెట్టుమెట్టుగా చెప్పాడు. కోస్తున్నాను. రెండు రోజులు పట్టేట్టుంది. బ్యాటరీ అయిపోయినప్పుడల్లా మిల్లు దాకా నడిచి చార్జి ఎక్కించుకుని వస్తున్నాను.

జనవరి 22

కడిగాను. నిజంగానే సబ్బుతో కడిగినట్టుంది. కడిగినదాన్నే అదే పేరుతో దాచాను. ల్యాప్‌టాప్‌లో చోటు తక్కువ.

జనవరి 23

మామకి హెడ్‌ఫోన్లు పెట్టాను. కళ్ళు మూసుకుని మొదటి పాట చివరిదాకా విన్నాడు. తల ఊపాడు.

"బాగానే వాయిస్తున్నాడు. ఎవరీ కుర్రాడు? మా నాన్న పాట వాడికెలా వచ్చింది?"

నువ్వే మామా అన్నాను.

హెడ్‌ఫోన్లు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. వాటి వైపే చూస్తూ, "నేను కాదు" అన్నాడు. కోపంగా కాదు. మార్కెట్లో ఎవరో పొరపాటున పలకరిస్తే చెప్పినట్టు. "జీల్ ఊపిరి తీసుకోవడం లేదు, అల్లుడూ. చెక్క మోగుతోంది, అంతే. చెక్కదేముంది, తలుపు కొట్టినా మోగుతుంది."

జనవరి 24

అసలుది లేదు. కడిగినదే ఉంది.

జనవరి 27, సోమవారం

మళ్ళీ వాయిస్తానన్నాడు మామ. నేను అడగకముందే అన్నాడు. అందుకే మరీ ఇబ్బంది.

జీల్ బయటికి తెచ్చి తిరగేశాం. సొరబుర్రలకు చిన్న రంధ్రాలుంటాయి, ఒక్కోదానికి రెండో మూడో. ఆ రంధ్రాల మీద సాలీడు గుడ్లు పెట్టుకునే పొర ఒకటి అంటిస్తారు, చెట్టు జిగురుతో. ఆ పొర వణికితేనే జీల్ జుమ్మంటుంది. నేను మురికి అని కోసింది దాన్నే. ఈ సంగతి నాకు కొత్తగా తెలిసినట్టు రాస్తున్నానేమిటి.

దుమ్ముగాలికి పొరలు చాలావరకు చిరిగిపోయాయి. మామ ఒక్కో బుర్రా వేలితో తడుముతూ లెక్కపెట్టాడు. ముప్ఫై ఒకటి కావాలి.

"పోయి లోపలి గోడ మీద నుంచి తీసుకురా. ఉత్తరం వైపు గోడ. అక్కడ నీకు కావలసినన్ని ఉంటాయి" అన్నాడు.

నేను కదల్లేదు.

మామ లేచాడు. గదిలోకి వెళ్ళాడు. ఉత్తరపు గోడ మీది ఒక అట్టను పట్టుకుని లాగాడు. కింద గోడ నున్నగా ఉంది, కొత్త కుండలా. ఇంకో అట్ట లాగాడు. ఇంకోటి. వణికే చెయ్యి కాబట్టి నెమ్మదిగా లాగాడు. ఆరో దాని దగ్గర ఆగాడు.

"సాలీళ్ళు అవి మళ్ళీ పెట్టాలంటే వానలు పడాలి" అన్నాడు. వానలు మే నెలలో.

జనవరి 28

కోచ్ ఎబో చేసింది ఇది. గది శుభ్రం చేయమన్నది వాడే. మా గోడల మీద ఏముంటుందో తెలియనివాడు సముద్రం ఒడ్డున కూర్చుని మా గదులకు సూత్రాలు రాస్తాడు. మేము గినీ కోళ్ళు అమ్మి కొనుక్కుంటాం. ఇదే జరుగుతోంది ప్రతి విషయంలోనూ. దీని మీద కరపత్రం రాయాలి.

జనవరి 29

కరపత్రం రాయలేకపోయాను. ఒళ్ళు నొప్పులు.

జనవరి 30

ఊరంతా తిరిగాను. అందరివీ సిమెంటు గోడలు, రంగు వేసినవి. సాలీడుకి ఏం దొరుకుతుంది అక్కడ. ముసలావిడ ఒకామె, ఇంట్లో సాలెగూళ్ళున్నాయా అని అడిగితే తిట్టింది. "మా ఇల్లు చూసి మాట్లాడు, మీ అమ్మ ఇల్లు చూసుకో ముందు" అంది. అమ్మ ఇల్లు కూడా చూశాను. లేవు.

దొరికినవి నాలుగు.

జనవరి 31

సన్నటి ప్లాస్టిక్ సంచి ముక్కలు అంటించి చూశాను. అక్రాలో చేసే జీల్‌లకు అదే వాడతారని విన్నాను. మామ ఒక్క పలక కొట్టి కర్ర కింద పెట్టేశాడు. గొంతు బొంగురుపోయినవాడు కోపంగా మాట్లాడినట్టుంది అన్నాడు. అత్త నవ్వింది. చాలా రోజుల తర్వాత ఆ ఇంట్లో ఎవరో నవ్వారు. నా మీదనే అయినా సరే.

ఫిబ్రవరి 2, ఆదివారం

కోచ్ ఎబోకి సందేశం పంపాను. రాసి కాదు, నోటితో చెప్పి. నాలుగు నిమిషాలు. దోపిడీ అన్నాను, అజ్ఞానం అన్నాను, మా మామ గొంతు నరికావు అన్నాను. గోడలు గీకించావు అన్నాను. పంపాక ఫోను బోర్లా పెట్టేశాను.

ఫిబ్రవరి 4

జవాబు వచ్చింది. ఇక్కడ మొత్తం రాసి పెట్టుకుంటాను, ఎందుకంటే రేపు నాకు అనుకూలమైన ముక్కే గుర్తుంటుంది.

"తమ్ముడూ, నీ మాట రెండుసార్లు విన్నాను. మా ఆవిడ కూడా విన్నది, ఎవరీ పిల్లాడు నిన్నిలా తిడుతున్నాడు అంది. సరే. అయిదో పాఠం విషయంలో నువ్వు అన్నది నిజం. నేను చర్చి పాటలు రికార్డు చేస్తాను, కీబోర్డు, గిటారు. జీల్ ఎదురుగా కూర్చుని ఒక్కసారి కూడా వినలేదు. నా చెవికి జుమ్మంటే అది వైరు పాడైనట్టే. ఆ పాఠంలో ఒక మాట కలపాలి, కలుపుతాను. కానీ గోడలు గీకమని నేను చెప్పలేదు తమ్ముడూ. రెండో పాఠం చివరిదాకా విను. మట్టి గోడ దొరికినవాడు అదృష్టవంతుడు, దాన్ని ముట్టుకోకు, గరుకు గోడే శబ్దాన్ని తాగుతుంది అన్నాను. అట్టలు సిమెంటు గదులున్నవాళ్ళకి. ఇంకోటి, అసలు కాపీని వేరే దాచమని తొమ్మిదో పాఠంలో చెప్పాను. ముందే చెప్పి ఉండాల్సింది, అది నా పొరపాటే. మీ మామయ్య పాట కోయకుండా దొరికితే నాకు ఒక్కసారి వినిపించు. పాఠం కోసం కాదు."

వెనక కోడి కూసింది.

రెండో పాఠం చివరిదాకా విన్నాను. ఉంది ఆ మాట. ఇరవై రెండో నిమిషంలో.

ఫిబ్రవరి 5

ఏమీ లేదు.

ఫిబ్రవరి 6, గురువారం

స్కొలాస్టికా అక్క దగ్గరికి వెళ్ళాను. పెద్దనాన్న కూతురు, ఊళ్ళో రేడియో స్టేషన్‌లో మైకులు, మీటలు చూసుకునేది తనే, తొమ్మిదేళ్ళుగా. మొదట్లోనే తన దగ్గరికి ఎందుకు వెళ్ళలేదంటే, నిరుడు ఆ స్టేషన్ గేటు మీద "దొరల బాకా" అని ఒక కరపత్రం అంటింది. అంటించినవాడు నేనే.

స్టేషన్ వరండాలో వేరుసెనగలు ఒలుస్తూ కూర్చుంది. నన్ను చూసి పక్కకి జరగలేదు.

"రావయ్యా. దొరల బాకా ఊదడానికి వచ్చావా?"

జరిగిందంతా చెప్పాను. చెబుతూ, గోడలు శుభ్రం చేయబడ్డాయి అన్నాను.

"చేయబడ్డాయా? ఎవరి చేత?"

నా చేత అన్నాను.

"అట్లా చెప్పు. నువ్వేదో ప్రభుత్వం అయినట్టు." ఇంకో కాయ ఒలిచింది. "ఆ పొరలు గోడ మీద ఉంటాయని నీకు తెలియదా?"

తెలియదు అన్నాను. అక్క ఒలవడం ఆపి నా ముఖంలోకి చూసింది.

"గెర్వేస్. ఆరేళ్ళప్పుడు నువ్వు మీ మామ భుజాల మీద ఎక్కి వాటిని తీసేవాడివి. నేను కింద ఆకు పట్టుకుని నిలబడేదాన్ని. నువ్వు జారి నా మీద పడితే ఇదిగో ఈ పన్ను విరిగింది." చూపించింది.

ఆ తర్వాత నేనూ వేరుసెనగలు ఒలిచాను. అక్కే మాట్లాడింది. చాలావరకు పనికొచ్చే మాటలే. నోటుబుక్కులో వేరే రాసుకున్నాను. లేచి వచ్చేటప్పుడు అడిగాను, డబ్బిచ్చి ఆ పాఠాలు కొనడం తప్పేనా అని. తప్పే అంటుందనుకున్నాను. తప్పే అంటే నాకు కొంచెం హాయిగా ఉండేది.

"కొనడం తప్పు కాదురా. నేనూ మొదట్లో ఒక పుస్తకం కొన్నాను, కుమాసీ నుంచి. సగం పనికొచ్చింది. నువ్వు కొన్నావు కాబట్టి నమ్మావు. మీ మామ ఊరికే చెప్పాడు కాబట్టి నమ్మలేదు. అదీ నీ తప్పు."

ఫిబ్రవరి 7

నాకు తెలుసు.

గీకేటప్పుడే తెలుసు. కత్తి కింద ఒక్కోటి తెల్లగా, పెసెవా నాణెం బిళ్ళంత, చిటుక్కున ఊడి వస్తుంటే తెలుసు. ఇదేమిటో నాకు తెలుసు అని చేతికి తెలిసింది. ఫోటోలోని స్టూడియో గోడ మీద ఇవి లేవు. అందుకని గీకాను. చీపురుతో వాటిని మట్టితోపాటు పోగేసి పారబోశాను. ఎన్నుంటాయి? వందకు పైనే. ఇరవై ఏళ్ళుగా అత్త ఊడవకుండా కాపాడినవి.

ఇన్నాళ్ళూ ఇక్కడ కూడా రాయలేదు. ఇక్కడ ఎవరు చదువుతారని?

ఫిబ్రవరి 9, ఆదివారం

చర్చిలో మాస్ అయ్యాక మామ దగ్గర కూర్చున్నాను. చెప్పాను. తెలిసే గీకాను అన్నాను.

మామ కుడిచెయ్యి మోకాలి మీద దానంతట అదే కొట్టుకుంటోంది, ఏదో పాట లెక్క ఉన్నట్టే. ఎడమచేత్తో దాన్ని పట్టుకున్నాడు.

"అప్పుడు గుమ్మంలో చూశాను కదా. గోడ మీద అట్టలు అప్పుడే కనపడ్డాయి. నేను కూడా అనలేదు. ఎందుకంటే, నా మేనల్లుడు నా కోసం ఏదో కడుతున్నాడు, బాగుంది అనుకున్నాను. వాటి కింది పొరల సంగతి ఆ తర్వాత గుర్తొచ్చింది." చేతిని వదిలేసి, "ఆ అట్టల పెట్టెలో మాత్రం మళ్ళీ నన్ను కూర్చోబెట్టకు. శవపేటిక తయారు చేయించుకున్నట్టుంది."

అత్త టీజడ్ సంకటి ముద్ద, ఎండు చేపల పులుసు పెట్టింది. తిన్నాను. రుచి తెలియలేదు గానీ అంతా తిన్నాను.

ఫిబ్రవరి 10

నాలుగు నుంచి పదకొండుకి వచ్చాయి పొరలు. రేడియో స్టేషన్ పాత జనరేటర్ గదిలో అక్క ఏడు చూపించింది. గోరుతో తీస్తే చిరుగుతాయి, పలచటి కత్తితో తీయాలి. తీసినవాటిని ఎక్కడ పెట్టాలో తెలియక నా కరపత్రాల పుస్తకంలో పేజీల మధ్య పెట్టాను. చదునుగా, పొడిగా ఉంటున్నాయి. ఆ పుస్తకం ఇంత జాగ్రత్తగా నేనెప్పుడూ పట్టుకోలేదు.

బృందంలో ఎవరైనా అడుగుతారు, కాబట్టి రాసుకుంటున్నాను: పాఠాలు కొనాలా వద్దా.

నాలుగో పాఠం విలువైనది. మైకు ఎక్కడ పెట్టాలో నేను ఏడాది తిరిగినా తెలుసుకునేవాణ్ణి కాదు. పలకలకు ఎదురుగా కాకుండా పక్కగా, బారెడు దూరంలో, కొంచెం కిందికి. తొమ్మిదోది విలువైనది, వింటే. ఫోను ఆపి పెట్టాలి, ముందు ఒక నిమిషం వాయించి చూసుకోవాలి, ఇవి అక్క కూడా చెప్పింది, ఊరికే. మిగతావాటిలో కొన్ని నాకు అక్కర్లేదు, కొన్ని అర్థం కాలేదు. అయిదోది మాకు విషం. దాన్ని కోచ్ ఎబో మార్చాడు. నిన్న కొత్తది పంపాడు. "జుమ్మనే మోత వినిపిస్తే ముందు వాయించేవాణ్ణి అడుగు, అది పాటలో భాగమేమో" అని కలిపాడు. నా డబ్బుకి ఆ ఒక్క మాట దొరికింది. నాకంటే ముందు కొన్నవాళ్ళకి దొరకలేదు. అది న్యాయమో కాదో నాకు తేలడం లేదు.

జ్ఞానం ఉచితంగా ఉండాలన్న మాట మీద ఇప్పటికీ నిలబడుతున్నాను. కానీ ఉచితంగా ఇచ్చినదాన్ని నేనేం చేశానో కూడా పక్కన రాయాలి.

ఫిబ్రవరి 11

మామ ఈ రోజు కర్రలు పట్టుకుని చూశాడు. రెండుసార్లు జారాయి. మూడోసారి నిలిచాయి.

ఫిబ్రవరి 12

చాలా అలసటగా ఉంది. అక్క దగ్గరికి వెళ్ళి అన్నాను, పదకొండు చాలవు, నా వల్ల కాదు, ఒక్కణ్ణే ఎన్ని గోడలు ఎక్కను అని.

"ఒక్కడివే ఎక్కమని ఎవరన్నారు? ఊళ్ళో ఏ వార్తకైనా కరపత్రం వేస్తావు కదా. దీనికి వెయ్యలేవా?"

వేస్తే నేనేం చేశానో అందులో రాయాలి కదా అన్నాను.

"రాయాలి మరి" అంది, వేరుసెనగ తొక్కలు ఊదుకుంటూ.

ఫిబ్రవరి 13, గురువారం

బృందంలో ముందు నోటితో చెప్పాను. పాఠాలు కొన్న సంగతి, గోడ సంగతి. తొమ్మిదిమంది వచ్చారు. ఎవరూ నిద్రపోలేదు. నిద్రపోతే బాగుండేది. చప్పట్లు కొట్టే ఇద్దరిలో ఒకడు లేచి వెళ్ళిపోయాడు. రెండోవాడు, అయితే మా తాత పాత ధాన్యపు కొట్టు ఉంది, లోపల ఎవరూ పోరు, చూద్దామా అన్నాడు.

చూశాం. తొమ్మిది.

ఇరవై. ఇంకా పదకొండు కావాలి.

ఇంటికొచ్చి అమ్మకి నక్క సంగతి కూడా చెప్పాను. తనకి మొదటి నుంచీ తెలుసట. ఈకలు ఎక్కడా కనపడలేదట.

ఫిబ్రవరి 14

ఈ సాయంత్రం అంటించబోయే కాగితం. మిషన్ స్కూలు గేటు, పీతో అంగళ్ళు, చర్చి గోడ, రేడియో స్టేషన్ గేటు కూడా (అక్క ఒప్పుకుంది). ఇక్కడికి ఎత్తి రాసుకుంటున్నాను. అయిదుసార్లు రాశాను. మొదటి నాలుగింటిలో ఏదో ఒకచోట "చేయబడింది" వచ్చింది.

నాండోమ్ ప్రజలకు.

దబూవో గారి జీల్ ఇప్పుడు మూగది. దాని గొంతు, అంటే గోడల మీద సాలీడు పెట్టే తెల్లటి పొరలు, ఆయన ఇంటి వెనక గదిలో ఇరవై ఏళ్ళుగా భద్రంగా ఉంటూ వచ్చాయి. జనవరి 16న వాటన్నిటినీ గీకి పారేసిన వాడి పేరు గెర్వేస్ బయూర్, ఆయన మేనల్లుడు, ఈ కాగితం రాస్తున్నవాడు. ఎవరూ చేయించలేదు. తెలిసే చేశాడు.

ఏడు కోతల పాటలు ఆయన చేతిలో ఉన్నాయి, ఇంకెక్కడా లేవు. చెయ్యి ఎన్నాళ్ళు నిలుస్తుందో తెలియదు. భస్మ బుధవారానికి ఇంకా పంతొమ్మిది రోజులున్నాయి.

ముప్ఫై ఒక్క పొరలు కావాలి. ఇరవై దొరికాయి. మీ పాత కొట్టులో, వాడని వంటగదిలో, తాళం వేసిన తాతగారి గదిలో, పెసెవా బిళ్ళంత తెల్లటి పొర గోడకి అంటుకుని ఉంటే పలచటి కత్తితో తీసి, ఏదైనా పుస్తకం పేజీల మధ్య పెట్టి తీసుకురండి. తీయడం రాకపోతే గోడ ఎక్కడుందో చెప్పండి, నేను వచ్చి తీస్తాను. చిన్నప్పుడు నాకు బాగా వచ్చేది.

అందరం కూర్చుని అంటిద్దాం. తర్వాత ఆయన వాయిస్తారు, గదిలో కాదు, ఇంటి ముందు, బయట. స్కొలాస్టికా గారు రికార్డు చేస్తారు. మైకు ఎక్కడ పెట్టాలో, ఏది కోయకూడదో, నాకు తెలిసినదంతా అక్కడే, చూసేవాళ్ళందరికీ చూపిస్తాను. ఎవరూ ఏమీ ఇవ్వక్కర్లేదు. వాయించడం అయ్యేదాకా మాట్లాడకుండా ఉంటే చాలు.

ఎల్లుండి, ఫిబ్రవరి 16, ఆదివారం, దుమ్ముగాలి తగ్గే వేళకి, సాయంత్రం నాలుగు గంటలకి, దబూవో గారి ముంగిట్లో.

అప్పటిదాకా ఎవరూ ఏ గోడా దులపకండి.